ఫోన్లో మొత్తం, ఖాతాలో లెక్క

డబ్బు దగ్గర తొందరపడ్డప్పుడు అత్యాశ అనో భయం అనో మన స్వభావాన్ని తిట్టుకుంటాం. ఆ ఆశనో భయాన్నో పుట్టించిన అంకె సరైనదేనా అని మాత్రం అడగం. ఈ అధ్యాయం ఆ అంకె గురించే. ఫోన్ తెరవగానే పైన పెద్ద అక్షరాల్లో కనబడే "మీ పెట్టుబడుల మొత్తం విలువ" గురించి.

తమిళనాడులోని డెంకణికోట, తళి, కెలమంగలం వైపు నుంచి హోసూరు సిప్‌కాట్‌కు షిఫ్టుకు పోయేవాళ్లలో, అటు బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ దాకా రోజూ తిరిగేవాళ్లలో షేర్లూ మ్యూచువల్ ఫండ్లూ ఉన్నవాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. టైటాన్, టీవీఎస్, అశోక్ లేలాండ్ అంటే తామో, పక్కింటాయనో పనిచేసే కంపెనీలు కాబట్టి ఆ పేర్ల మీద నమ్మకం ఇంకాస్త ఎక్కువ. ఒక డీమ్యాట్ ఖాతా బ్యాంకువాళ్లు తెరిచింది, ఇంకోటి బ్రోకరేజీ తక్కువని ఫోన్లో తెరుచుకున్నది, మూడోది భార్య పేరిట. అన్నీ ఒకేచోట కనబడతాయని ఒక పోర్ట్‌ఫోలియో యాప్. బస్సులో సీటు దొరకగానే అది తెరుస్తారు. పచ్చగా ఉంటే ఆ పూట హుషారు, ఎర్రగా ఉంటే ఎదుటివాడి మీద చిరాకు.

ఆ మొత్తం తప్పు కావడానికి దారులు బోలెడు. రాయకోట మండీకి టమోటా తోలిన రైతు చీటీలో అడుగున ఉన్న అంకెను ముందు చూడడు. క్రేట్లు ఎన్ని దిగాయి, ఏ ధరకు పోయాయి, కమీషనూ కూలీ ఎంత కోశారు అని చూసుకున్నాకే అడుగు అంకెకు వస్తాడు. షేర్ల విషయంలోనూ చేయాల్సింది అదే. ముందు సంఖ్య, తర్వాత కొన్న ధర, ఆ తర్వాత ఇవాళ్టి ధర. మొత్తం అన్నిటికంటే చివర. ఈ వరస అలవాటైతే తప్పుడు మొత్తం మీ చేత తప్పుడు పని చేయించలేదు.

కూడిక తప్పదు, కూడిన అంకెలే తప్పుతాయి

పోర్ట్‌ఫోలియో యాప్ దగ్గర మీ షేర్లు ఉండవు. దాని దగ్గర ఉండేది మీ షేర్ల గురించిన సమాచారం మాత్రమే. అదీ మూడు చోట్ల నుంచి తెచ్చుకుంటుంది. ఎన్ని షేర్లు అన్నది మీరు టైపు చేసినదో, బ్రోకరు ఫైలులోదో. ఎంతకు కొన్నారన్నది కూడా అలాంటిదే. ఒక బ్రోకరు నుంచి ఇంకో బ్రోకరుకు షేర్లు మార్చుకుంటే కొన్న ధర వెంట రాకపోవచ్చు, అప్పుడు ఆ గడిలో సున్నా పడుతుంది, లేదా మార్చిన రోజు ధర పడుతుంది. ఇవాళ్టి ధర ఎక్స్ఛేంజీ నుంచి వస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వెనకబడ్డా గుణకారం తప్పుతుంది, గుణకారం తప్పితే మొత్తం తప్పుతుంది.

చిన్న తేడాలను పట్టించుకోకండి. ఎక్స్ఛేంజీ ప్రకటించే ముగింపు ధర, చివరి లావాదేవీ ధర ఒకటి కాకపోవచ్చు. ఎన్ఎస్ఈ ధర, బీఎస్ఈ ధర పైసల్లో తేడాగా ఉంటాయి. మ్యూచువల్ ఫండ్ యూనిట్ ధర (ఎన్ఏవీ) రాత్రికి గానీ రాదు కాబట్టి పగలు కనబడేది నిన్నటి విలువ. రెండు యాప్‌ల మధ్య లక్షకు వందల్లో తేడా ఉంటే అది సహజం. వేలల్లో ఉంటే, ముఖ్యంగా సగానికి సగమో రెట్టింపో ఉంటే, కారణం వేరే ఉంది.

బోనస్ పడిన రోజు

పెద్ద తప్పుల్లో మొదటి వరస బోనస్‌ది, షేరు విభజనది. అశోక్ లేలాండ్‌నే తీసుకుందాం. 2025 జులై 16 రికార్డు తేదీగా, అంటే ఆ రోజుకు షేర్లున్నవాళ్లకు, ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. లెక్క సులువుగా ఉండేందుకు గుండు అంకెలు వేసుకుందాం. డెంకణికోటలో ఒకాయన దగ్గర 400 షేర్లు ఉన్నాయి. కొన్న సగటు 160 రూపాయలు, అంటే పెట్టింది 64,000. బోనస్‌కు ముందు ధర 250, విలువ లక్ష.

రికార్డు తేదీ పొద్దున, షేర్లు రెట్టింపవుతాయి కాబట్టి ధర సగమై, మార్కెట్ 125 దగ్గర తెరుచుకుంది. బోనస్ షేర్లు ఇంకా ఖాతాలో పడలేదు. యాప్ 400ను 125తో గుణించి యాభై వేలు చూపించింది. 36,000 లాభం ఉండాల్సిన చోట 14,000 నష్టం, ఎర్ర రంగులో. అది చూసి కూతురు అడిగింది:

"నాయనా, సగానికి సగం పోయింది. మిగిలింది కూడా పోకముందే అమ్మేద్దామా?"

"ఉండమ్మా. రాత్రికి రాత్రి ఫ్యాక్టరీ సగం ఎవరూ ఎత్తుకుపోలేదు కదా. రెండ్రోజులాగు, ఇంకో నాలుగొందలు వచ్చి పడతాయి."

ఆయనకు ఆ నిబ్బరం ధైర్యం వల్ల రాలేదు, సంఖ్య తెలియడం వల్ల వచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం బోనస్ షేర్లు రికార్డు తేదీ తర్వాత రెండో పనిదినానికల్లా అమ్ముకోవడానికి అందుబాటులోకి రావాలి. అంతకుముందు ఇంకా ఎక్కువ రోజులు పట్టేది. ఆ నడుమ రోజుల్లో యాప్ చెప్పే మొత్తానికి విలువ లేదు.

షేర్లు పడ్డాక ఇంకో రెండు రకాల తప్పులు పొంచి ఉంటాయి. యాప్ సంఖ్యను 800 చేసి, కొన్న ధరను 160గానే ఉంచేస్తే పెట్టుబడి 1,28,000 అవుతుంది. లాభం కాస్తా 28,000 నష్టంగా మారుతుంది. లేదా యాప్ తనంతట తాను 800 చేసిన సంగతి తెలియక మీరు మళ్లీ బోనస్ ఎంట్రీ వేస్తే 1,600 షేర్లు, విలువ రెండు లక్షలు. ఒకే బోనస్‌కు మూడు తప్పుడు మొత్తాలు: యాభై వేలు, ఇరవై ఎనిమిది వేల నష్టం, రెండు లక్షలు. నిజం మాత్రం ఒకటే: 800 షేర్లు, సగటు 80, విలువ లక్ష.

పాత షేర్ల దగ్గర ఈ తేడా గుండె గుభేలుమనేంత ఉంటుంది. 2011 జూన్‌లో టైటాన్ 10 రూపాయల ముఖవిలువ షేరును 1 రూపాయి షేర్లుగా విడగొట్టి, ఆపైన ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. అంటే ఒక షేరు ఇరవై అయింది. అంతకుముందు వెయ్యి రూపాయల చొప్పున 10 షేర్లు కొన్నవాళ్ల దగ్గర ఇప్పుడు 200 షేర్లు, సగటు 50 రూపాయలు ఉండాలి. ఇవాళ్టి ధర 3,000 అనుకుంటే విలువ ఆరు లక్షలు. పాత కాగితం చూసి యాప్‌లో "10 షేర్లు" అని వేసుకున్నవాళ్లకు అది ముప్పై వేలుగా కనబడుతుంది.

టీవీఎస్ మోటార్ 2025లో ఇంకో రకం బోనస్ ఇచ్చింది: ఒక్కో ఈక్విటీ షేరుకు 10 రూపాయల ముఖవిలువ గల నాలుగు ప్రిఫరెన్స్ షేర్లు. ఇవి డీమ్యాట్ ఖాతాలో వేరే వరసలో, వేరే కోడుతో పడ్డాయి. ఈక్విటీ షేర్లను మాత్రమే గుర్తుపట్టే యాప్‌లో ఇలాంటివి కనబడకపోవచ్చు. యాప్‌లో లేనంత మాత్రాన మీవి కాకుండా పోవు.

విడిపోయిన కంపెనీ, కలిసిపోయిన కంపెనీ

అన్నదమ్ములు భాగాలు పంచుకున్నట్టే కంపెనీలూ విడిపోతాయి. అప్పుడు కొన్న ధరను కూడా పంచాలి. 2025 జనవరిలో ఐటీసీ నుంచి హోటళ్ల వ్యాపారం విడిపోయినప్పుడు పది ఐటీసీ షేర్లకు ఒక ఐటీసీ హోటల్స్ షేరు వచ్చింది. కొన్న ఖర్చులో 86.49 శాతం ఐటీసీకి, 13.51 శాతం హోటల్స్‌కు వేయాలని కంపెనీ తెలిపింది. 300 చొప్పున 1,000 ఐటీసీ షేర్లు కొన్నవాళ్ల మూడు లక్షల్లో 2,59,470 ఐటీసీ కింద, 40,530 హోటల్స్ కింద పడాలి. 2023 జులైలో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు ఈ నిష్పత్తి 95.32, 4.68.

ఇక్కడ ఒక తమాషా ఉంది. యాప్ ఐటీసీ కింద మూడు లక్షలూ ఉంచేసి, హోటల్స్‌కు సున్నా వేసిందనుకోండి. మొత్తం పెట్టుబడి మూడు లక్షలే, సరిగ్గానే ఉంది. లోపల రెండు పద్దులూ తప్పు. ఐటీసీలో ఉన్నదానికంటే తక్కువ లాభం, హోటల్స్‌లో ఉన్న విలువంతా లాభమే అన్నట్టు కనబడుతుంది. అది చూసి "ఉచితంగా వచ్చిందే కదా" అని హోటల్స్ షేర్లు అమ్మితే పన్ను లెక్క దగ్గర చిక్కు. మొత్తం సరిపోయినంత మాత్రాన లెక్క సరిపోయినట్టు కాదు.

కలిసిపోయిన కంపెనీలది మరో గొడవ. హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసింది. 25 పాత షేర్లకు 42 బ్యాంకు షేర్లు ఇచ్చారు. 50 ఉన్నవాళ్లకు 84 వచ్చాయి. 2025 ఆగస్టులో బ్యాంకు ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది కాబట్టి అవి 168 అయ్యాయి. చేత్తో ఎంట్రీ వేసుకున్న పాత జాబితాలో మాత్రం ఆ 50 షేర్లు ఎక్కడ ఆగిన ధర దగ్గర అక్కడే ఉండిపోతాయి. నెలల తరబడి పైసా కదలని షేరు కనబడితే అది స్థిరమైన షేరు కాదు, రద్దయిన కోడు అని అనుమానించండి. ప్రతి షేరుకూ ఐఎస్ఐఎన్ అనే పన్నెండు అక్షరాల గుర్తు ఉంటుంది. ముఖవిలువ విడగొడితే ఆ గుర్తు మారిపోతుంది, బోనస్ ఇస్తే మారదు. పేరుతో కాకుండా ఐఎస్ఐఎన్‌తో పోల్చుకుంటే సగం తప్పులు అక్కడికక్కడే పట్టుబడతాయి.

రెండుసార్లు పడినవి, అసలు పడనివి

బ్రోకరు ఖాతాను యాప్‌కు కలిపి, మళ్లీ డిపాజిటరీ (మీ షేర్లను దాచే సంస్థ) స్టేట్‌మెంటు ఫైలును కూడా ఎక్కిస్తే అవే షేర్లు రెండుసార్లు పడతాయి. మార్జిన్ కోసం తాకట్టు పెట్టిన షేర్లను కొన్ని చోట్ల విడిగా చూపిస్తారు. యాప్ వాటిని కలుపుకోకపోతే మొత్తం తగ్గుతుంది, రెండు వరసల్లోనూ కలుపుకుంటే పెరుగుతుంది. డీమ్యాట్‌లో ఉన్న మ్యూచువల్ ఫండ్ యూనిట్లదీ ఇదే కథ.

ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగాల్లో అమెరికా కంపెనీ షేర్లు జీతంలో భాగంగా వచ్చేవాళ్లు డాలర్ల గడి చూసుకోవాలి. 200 డాలర్ల షేర్లు 40 ఉంటే 8,000 డాలర్లు. యాప్ దాన్ని 8,000 రూపాయలుగా కలిపేస్తే, డాలరు 85 అనుకున్నా, 6,80,000 ఉండాల్సిన చోట ఎనిమిది వేలు పడ్డట్టు.

అసలు పడనివాటికి మన ప్రాంతంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం తమిళం, ఫారం ఇంగ్లిషు. ఒకచోట పేరు ముందు ఇనిషియల్, ఒకచోట పేరు వెనక తండ్రి పూర్తి పేరు, ఇంకోచోట తమిళ ఉచ్చారణకు తగ్గ స్పెల్లింగు. డిపాజిటరీలు పంపే సమగ్ర స్టేట్‌మెంటు పాన్ నంబరు ఆధారంగా, ఖాతాదారుల పేర్ల వరసను బట్టి తయారవుతుంది. పాన్ చేరని పాత ఫోలియో అందులోకి రాదు. భార్యాభర్తల జాయింటు ఖాతాలో ఎవరి పేరు ముందుందో దాన్నిబట్టి స్టేట్‌మెంటు వేరవుతుంది. బీరువాలో ఉన్న కాగితం షేర్లు ఏ యాప్‌కూ తెలియవు. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లను అలాగే అమ్మడం కుదరదు, డీమ్యాట్‌లోకి మార్చుకోవాలి. వరసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లు ప్రభుత్వం నడిపే ఐఈపీఎఫ్ నిధికి వెళ్లిపోతాయి. దరఖాస్తు చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, అవి ఉన్నాయని ముందు మీకు తెలియాలి.

శాతాల మాయ

ఒక షేరులో పది వేలు పెడితే 50 శాతం పెరిగింది. ఇంకోదాంట్లో తొంభై వేలు పెడితే 2 శాతం పెరిగింది. శాతాల సగటు 26. అసలు లాభం 5,000, 1,800 కలిపి 6,800. లక్ష మీద 6.8 శాతమే. యాప్ "సగటు రాబడి" అంటే ఏ లెక్కన చెబుతోందో చూడండి.

నెలకు 5,000 చొప్పున ఏడాది సిప్ కట్టారు, 60,000 కాస్తా 63,000 అయింది. ఒక యాప్ 5 శాతం అంటుంది, ఇంకోటి 9 శాతం పైనే చూపిస్తుంది. రెండూ నిజమే. మొదటిది పెట్టిన డబ్బు మీద లాభం. రెండోది ఒక్కో వాయిదా ఎన్నాళ్లుందో లెక్కగట్టి ఏడాదికి చెప్పింది. దాన్నే ఎక్స్ఐఆర్ఆర్ అంటారు. ఎంట్రీల్లో తేదీ తప్పు పడితే ఎక్స్ఐఆర్ఆర్ వింత అంకెలు చూపిస్తుంది. డివిడెండ్లూ అమ్మేసినవాటి లాభమూ కొన్ని యాప్‌లు కలపవు. దశాబ్దం పాటు డివిడెండు తిన్నవాళ్లకు అది చిన్న తేడా కాదు.

పన్ను లెక్క ఇంకా వేరు. యాప్ సగటు ధర చూపిస్తుంది. డీమ్యాట్ షేర్లకు పన్ను లెక్క మాత్రం ముందు వచ్చినవి ముందు అమ్మినట్టు సాగుతుంది, బోనస్ షేర్ల ఖర్చు సున్నా. ఇందాకటి 800 అశోక్ లేలాండ్‌లో 400ను 125కు అమ్మితే యాప్ దృష్టిలో 18,000 లాభం, పన్ను దృష్టిలో 14,000 నష్టం. రికార్డు తేదీకి ముందు మూడు నెలల్లోపు కొన్నవైతే ఆ నష్టం చెల్లకపోవచ్చు, ఆడిటర్ని అడగండి. 2018 జనవరి 31 దాకా కొన్నవాటికి ఆనాటి ధరను ఖర్చుగా తీసుకునే వెసులుబాటు ఉంది. పాత టైటాన్ షేర్లున్నవాళ్లకు ఇది పెద్ద మేలు, యాప్‌లోని సగటు ధరలో ఆ సంగతి కనబడదు.

షేర్లు నిజంగా ఎవరి దగ్గర ఉన్నాయి?

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న ఊరికే పుట్టినది కాదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద 2019 నవంబరు 22న సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకుని, వాళ్ల షేర్లను తన ఖాతాకు మళ్లించి, తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందన్నది అందులోని అభియోగం. డిసెంబరు 2న డిపాజిటరీ ఎన్ఎస్‌డీఎల్ దాదాపు 83 వేల మంది షేర్లను వాళ్ల ఖాతాలకు తిరిగి చేర్చింది. 2020 నవంబరులో ఎన్ఎస్ఈ ఆ సంస్థను బహిష్కరించింది. నిబంధనలూ మారాయి. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ కోసం షేర్లను బ్రోకరు ఖాతాకు బదిలీ చేయడం పోయింది. తాకట్టు పెట్టినా అవి మీ ఖాతాలోనే ఉంటాయి.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒక్క ముక్క. మొత్తం చెప్పేవాడు వేరు, షేర్లు దాచేవాడు వేరు. దాచేది ఎన్ఎస్‌డీఎల్, సీడీఎస్ఎల్ అనే రెండు డిపాజిటరీలు. సంఖ్య విషయంలో వాళ్ల మాటే ఆఖరు.

నెలకో అరగంట

లావాదేవీ జరిగిన నెలకు డిపాజిటరీ నుంచి సమగ్ర స్టేట్‌మెంటు ఈమెయిల్‌కు వస్తుంది. లావాదేవీలు లేకపోతే ఆరు నెలలకోసారి. ఫైలు తెరవడానికి సాధారణంగా మీ పాన్ నంబరే పాస్‌వర్డు. ఆగలేనివాళ్లు సీడీఎస్ఎల్ ఈజీ, ఎన్ఎస్‌డీఎల్ ఐడియాస్ సేవల్లో నేరుగా చూసుకోవచ్చు.

ఒక నోటుబుక్కులో ఐదు గడులు గీయండి: కంపెనీ, ఐఎస్ఐఎన్, డిపాజిటరీలో సంఖ్య, యాప్‌లో సంఖ్య, తేడా. ధరల జోలికి పోవద్దు. సంఖ్యలన్నీ టాలీ అయ్యాకే కొన్న ధరకు రండి. దానికి సాక్ష్యం బ్రోకరు ఇచ్చే కాంట్రాక్టు నోటు. ఇవాళ్టి ధర ఆఖర్న. స్టేట్‌మెంటులోని విలువ నెలాఖరు ధరతో కట్టింది కాబట్టి ఇవాళ్టి మొత్తంతో పోల్చకండి.

తేడా ఎంతో చూస్తే కారణం అదే చెబుతుంది.

- సరిగ్గా సగమో, పదో వంతో ఉంటే: బోనస్ లేదా విభజన ఎక్కలేదు.
- సరిగ్గా రెట్టింపు ఉంటే: ఒకే ఖాతా రెండుసార్లు పడింది, లేదా బోనస్ రెండుసార్లు వేశారు.
- ఎనభై తొంభై రెట్ల తేడా ఉంటే: డాలర్లను రూపాయలుగా కలిపారు.
- ధర వారాలుగా కదలకపోతే: కోడు రద్దయింది.
- తేడా ఒక కంపెనీ విలువతో సరిపోతే: ఆ పద్దు ఎక్కడో జారింది.

యాప్ తప్పయితే "మొత్తం తప్పు" అని రాయకండి. కంపెనీ పేరు, ఐఎస్ఐఎన్, రికార్డు తేదీ, ఉండాల్సిన సంఖ్య, చూపిస్తున్న సంఖ్య రాయండి. డిపాజిటరీలోనే సంఖ్య తక్కువగా ఉంటే అది వేరే సంగతి. వెంటనే బ్రోకరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, జవాబు రాకపోతే సెబీ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో నమోదు చేయండి. బ్రోకరు పాస్‌వర్డు గానీ, అమ్మకానికి అనుమతి ఇచ్చే టీపిన్ గానీ, ఓటీపీ గానీ అడిగే పోర్ట్‌ఫోలియో యాప్‌ను తీసేయండి. లెక్క చూపించడానికి వాటితో పనిలేదు.

ఈ వారం చేయాల్సినవి

1. యాప్‌లో మొత్తం చూపే పెద్ద అంకెను దాచే వీలుంటే దాచండి. చాలా యాప్‌లలో కంటి గుర్తు నొక్కితే చాలు.
2. ఇంట్లో ఎవరెవరి పేరిట ఏ ఖాతాలున్నాయో, పాన్‌లో పేరు ఎలా ఉందో ఒక కాగితం మీద రాయండి. బీరువాలో పాత షేర్ కాగితాలుంటే అవీ రాయండి.
3. డిపాజిటరీ స్టేట్‌మెంటు తెరిచి ఐదు గడుల పట్టిక నింపండి.
4. మీ కంపెనీల్లో ఈ రెండేళ్లలో బోనస్, విభజన, విలీనం జరిగినవాటికి గుర్తు పెట్టి, వాటి కొన్న ధర మాత్రం మళ్లీ లెక్కగట్టండి.
5. ఇంట్లో ఇంకొకరికి ఈ పని నేర్పండి. మీరు లేనప్పుడు ఫోన్ చూసి కంగారుపడేది వాళ్లే.

ఇక ఒక నియమం పెట్టుకోండి: సంఖ్య టాలీ కాని షేరును, టాలీ అయ్యేదాకా అమ్మకూడదు, ఇంకా కొనకూడదు.